మోరిసు దీవిలో వంట చేసిన మనిషి

మార్కాపురం బజారులో బ్రెడ్డు కాల్చే దుకాణం ముందు పోతా ఉంటే, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెల వాసన ముక్కుకు తగిలి నా కాళ్ళు ఆగిపోతాయి. "ఏంది జేజీ, కొనాల్నా?" అంటుంది మనవరాలు. కొనను. ఆ రొట్టెను కంటితో చూడకముందే దాని వాసన ఎట్లుంటుందో నాకు చెప్పిన మనిషి ఒకాయన ఉండినాడు. మా నాయనకు చిన్నాయన, నాకు చిన్నతాత.

అది తెల్లదొరల కాలం, మదరాసు నుంచి రాజ్యమేలేవాళ్ళు. మా తాలూకా కర్నూలు జిల్లా కిందుండేది. రాచర్ల పక్క పల్లెలో మాకు గొర్రెల మంద ఉండేది. తొలకరికి తడిసిన ఉన్ని కంపు, చలికాలం దొడ్లో పిడకల పొగ, ఎండాకాలం పొద్దున్నే సద్ద సంగటిలో గోంగూర ఊరుబిండి, దసరాకు పొట్టేలు కూర, కొర్రన్నం, అవ్వ తిట్లు, వీటి మధ్యన పెరిగినా. ఒక ఏడాది నెరిసిన తలతో చిన్నతాత దిగినాడు. వయసులో ఉండంగా, కరువులో, ఎవడో దళారి మాట నమ్మి ఓడెక్కి మోరిసు దీవికి, ఇప్పుడు మారిషస్ అంటారే దానికి, పోయినాడంట. సముద్రం దాటినోడని పెద్దలు ఇంట్లోకి రానీలేదు. దొడ్డి పక్క కొట్టంలో పడుకునేవాడు.

ఆ కొట్టం ముందర కూర్చుని ఆయన దీవినంతా మాకు చూపించినాడు. చుట్టూ సముద్రం, నడుమ నల్లకొండలు, మిగిలిందంతా చెరుకు. జెండా ఇంగిలీసోళ్ళది, తోటలు ఫరాసు దొరలవి, చెమట మనది. కూలోళ్ళను అదిలించే సర్దారు కొరడా ఎట్ల చుట్టుకునేదో వీపు తిప్పి చూపించేవాడు. గానుగలో చెయ్యి ఇరుక్కున్నోణ్ణి విడిపించడానికి కత్తితో భుజం దాకా నరికినారంట, రసం ఎర్రగా కారుతున్నా గానుగ ఆపలేదంట. గాలివాన వస్తే రేకులు ఎగిరొచ్చి మనుషుల మెడలు కోసేవంట. మేం పిల్లలం వింటిమా, మర్నాడు అదే ఆట. చింతబరికెలు తెచ్చుకుని ఒకరం సర్దారు, మిగతావాళ్ళం కూలోళ్ళం. పిక్కల మీద తట్లు తేలేదాకా కొట్టుకునేవాళ్ళం. పెద్దమనుషులు కూడా దూరంగా తువ్వాలు పరుచుకుని కూర్చుని, "ఇంగా చెప్పు బావా" అని నవ్వుకుంటా వినేవాళ్ళు.

ఎండలు ముదిరేసరికి ఆ నవ్వులు పోయినాయి. గడ్డి మాడిపోతే ఊరి మందలన్నీ కలిసి నల్లమలకు మేతకు పోవాల. ఒంటరి మందను పులి బతకనియ్యదు. "వెలి ఉన్నోనికి కూడు పెట్టే ఇంటి మందను మాతో కలపం. నాలిక కాల్పించుకుని కులంలో కలిస్తేనే" అని తేల్చేసినాడు కులపెద్ద. ఆ గొర్రెలు పోతే మేం అడుక్కు తినాల్సిందే.

ఆచారం ఏందంటే, పరదేశంలో తిన్నదీ తాగిందీ సభలో తన నోటితోనే చెప్పుకోవాల. చెప్పిన ఒక్కోదానికి కాల్చిన బంగారంతో నాలిక మీద ఒక్కో వాత. బంగారం ఆ ఇంటిదే కావాల. అవ్వ చెవికమ్మ ఊడదీసి ఇస్తా, "అబ్బయ్యా, సముద్రం దాటినా, తప్పయింది అను. ఇంగ నోరు మూసుకో" అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. సరే వదినా అన్నాడు.

పొద్దున్నే దొడ్డి ముందు సభ కూడింది. కమ్మను సాగగొట్టి కడ్డీ చేసి నిప్పుల్లో పెట్టినారు. కులపెద్ద చుట్ట వెలిగించుకుని, "ఇంతకూ బావా, ఆ మోరిసులో తినేదానికి ఏమేం దొరుకుతాయబ్బా?" అన్నాడు తీయగా. అయ్యో, మా చిన్నతాత పిచ్చి మారాజు! రోజూ అడిగినట్టే అడుగుతున్నారనుకున్నాడు. మొహం వెలిగిపోయింది. చెరుకు సారా, సముద్రపు తాబేలు, ఉప్పు మాంసం, దొర పొయ్యిలో కాల్చిన రొట్టె, చేతులు తిప్పుకుంటా అన్నీ చెప్పినాడు. జనం నవ్వినారు. కులపెద్ద మాత్రం వేళ్ళు మడుస్తా ఉండినాడు.

"మరి ఇవన్నీ నీకు వండి పెట్టింది ఎవరు?"

"కొనుక్కున్నాడు, దుకాణంలో కొనుక్కున్నాడు!" అని అవ్వ ఆడోళ్ళలోంచి అరిచింది.

"లేదు వదినా," అన్నాడు చిన్నతాత. అప్పటికి ఆయనకు సంగతి అర్థమైంది. "రోజాలి వండింది. ఆ దేశపు మనిషి, నా పెండ్లాం. గాలివానకు గోడ మీద పడి చచ్చిపోయింది."

సభ గగ్గోలైంది. కులపెద్ద చెయ్యెత్తినాడు. "అది ఎవతో నాకు తెలియదు అను. ఊరికే ఒకసారి తాకించి వదిలేస్తా."

"ఎట్లంటా బావా? ఆమె చేతి కూడు తినే బతికినా."

ఇద్దరు తల పట్టినారు, ఒకడు దవడ విరిచి పట్టినాడు. మామూలుగా ఇట్ల తాకించి అట్ల తీసేది ఆ కడ్డీ. ఆ పొద్దు అదిమి పట్టినారు. చుయ్యిమని చప్పుడు, మాంసం కమురు వాసన, మట్టిని తన్నే కాళ్ళు. కడ్డీ చల్లారితే మళ్ళీ నిప్పుల్లో పెట్టినారు. రోజాలి పేరు మీద వేసిన వాతకు చిన్నతాత స్పృహ తప్పినాడు. నీళ్ళు కొట్టి లేపి, మా పొట్టేలునే కోసి వండి, కులంలో కలిసినందుకు మొదటి ముద్ద ఆయనతోనే తినిపించినారు. ముద్ద నెత్తురుతో సహా ఆకులో పడింది. అయినా సరే, కలిసినాడు కలిసినాడు అని అరుచుకుంటా కూర మీద పడినారు, దరిద్రులు. వాళ్ళ మీద నా కోపం ఈ పొద్దుకూ చల్లారలేదు.

మంద నల్లమలకు పోయింది, ఒక్క గొర్రె తగ్గకుండా తిరిగొచ్చింది. చిన్నతాతకు మాట మాత్రం తిరిగి రాలేదు. పొద్దు వాలేటప్పుడు కొట్టం ముందు కూర్చుని నోరు తెరిచి ఎవరినో పిలిచేవాడు. నీళ్ళు కావాలంటున్నాడని అందరూ చెంబు తెచ్చేవాళ్ళు. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

ఇప్పుడా సభల్లేవు, కొట్టం లేదు, ఊరంతా కలిసి తోలుకుని పోయే మందల్లేవు. మొన్న దుకాణం ముందు నిలబడి మనవరాలిని అడిగితే ఫోనులో ఆ దీవి చూపించింది. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, కుర్చీల్లో దొరలు. "రోజాలి ఇల్లు ఎక్కడుందో చూపీ" అన్నా. "రోజాలి ఎవరు జేజీ?" అంది. ఆ మెట్ల మీదనే కూలబడి చెప్పినా. జనం ఆగి చూసినారు. "మెల్లగా జేజీ, అందరూ వింటున్నారు" అని చెయ్యి లాగింది. విననీ అన్నా. నా నాలికను ఎవరూ కాల్చలేదు గదా.