దేవుణ్ణి లాగిన తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వంశం నేర్పేవారు. మా ముత్తాతకు తాత ఈ సీమలో శిస్తు వసూలు చేసే దేశాయి. ఆయన మాట కోటలో కూడా చెల్లేది. ఆయన కొడుకు ఏనుగు మీద తిరిగాడు. దానికోసమే మా ఇంటి వాకిలిని అంత ఎత్తున కట్టించి, మెట్లకు బదులు ఏనుగు దిగడానికి రాతి వాలు వేయించాడు. మా ముత్తాత కాలానికి ఏనుగు పోయి గుర్రాలు వచ్చాయి. మా తాతయ్య కాలానికి గుర్రాలు కూడా పోయి ఒక నల్ల కారు మిగిలింది. దీన్ని దిగజారడం అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. వాహనం మారింది గాని వాకిలి మారలేదు అనేవారు తాతయ్య. నేను ఇప్పటికీ అదే అంటాను.

మా దగ్గర పనిచేసిన డ్రైవరు ఖనిజం లారీలకు వెళ్ళిపోయాక తాతయ్యే కారు నడిపేవారు. గుర్రపు స్వారీ నేర్చిన మనిషి కాబట్టి కారు కూడా అలాగే నడిపేవారు. వెన్ను సీటుకు ఆనేది కాదు. తలపాగా కారు పైకప్పుకు తగులుతూ ఉండేది. ఆయన పక్కకు చూసేవారు కాదు. పక్కనున్నవాళ్ళే తమను తాము చూసుకోవాలని ఆయన నమ్మకం.

సండూరు కొండలకు అవతల ఒక ఊళ్ళో పుష్యమాసంలో తేరు జరుగుతుంది. పొద్దు పొడిచి మొదటి వెలుగు తేరు కలశం మీద పడగానే తాడు పట్టాలి. ఆ తాడు మీద పడే మొదటి చెయ్యి మా ఇంటిది. భూములు పోయినా, అక్కడ మాకున్న విడిది ఇల్లు పోయినా, ఆ మొదటి పట్టు మాత్రం పోలేదు. అయితే కలశం మీద వెలుగు పడే వేళకు మా వాళ్ళెవరూ లేకపోతే, వచ్చినవాళ్ళలో పెద్దమనిషికి దాన్ని ఇవ్వొచ్చని ఊరి కట్టుబాటు. ఒకసారి చెయ్యి మారితే మళ్ళీ తిరిగి రాదని అందరికీ తెలుసు.

ముందురోజే వెళ్ళి ఎవరింట్లోనైనా పడుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తాతయ్యను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సొంత విడిది ఉండిన ఊళ్ళో ఇంకొకరి పంచన చాప పరుచుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందుకని ఏటా తెల్లవారుజామున, చలిలో, మంచులో, ఘాట్ దారిన బయలుదేరేవాళ్ళం.

నేను చెప్పబోయే పండగకు ముందు ఏడాది కారు మా వాకిట్లోనే మొండికేసింది. మేము చేరేసరికి పూజారి కొబ్బరికాయ చేతిలో పట్టుకొని కలశంవైపు చూస్తున్నాడు. ఊరంతా జీపప్పవైపు చూస్తోంది. జీపప్ప అంటే గని కాంట్రాక్టరు. వాళ్ళ నాన్న మా ఇంటి పత్తిబండ్లు తోలినవాడు. ఇతనికి కొండల్లో ఖనిజం తవ్వే పని దొరికి, కొత్త జీపు వచ్చి, పేరు మరుగునపడి జీపప్ప అయిపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. అదే తాతయ్యకు మరీ కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే ద్వేషించడం సులభం.

ఆ ఏడాది వెంట్రుకవాసిలో తప్పిన గండం ఈసారి రాకూడదని మా అవ్వ పూనుకుంది. అవ్వ ఎవరి ముందూ తాతయ్యతో నేరుగా మాట్లాడేది కాదు. అన్నీ నాతో చెప్పేది. ఆయన నా పక్కనే నిలబడి వింటూ, జవాబు కూడా నాకే చెప్పేవారు. నేను వాళ్ళిద్దరి మధ్య తపాలా.

పండగకు చాలా రోజుల ముందే అవ్వ కారును బాలింతరాలిలా చూసుకోవడం మొదలుపెట్టింది. రాత్రిపూట బానెట్టు మీద గొర్రెబొచ్చు కంబళి కప్పించేది. పొద్దున్నే రాగి హండాలో నీళ్ళు కాచి రేడియేటరులో పోయించేది. నున్నగా అరిగిన టైరు తీయించి, వెనక కట్టిపెట్టిన మంచి టైరు వేయించింది. మంచులో తెల్లటి వెలుతురు కళ్ళకే తిరిగి కొడుతుందని, పలచటి గుడ్డను పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టి ముందు లైట్లకు తొడుగులు కుట్టింది. ముందద్దానికి ఆవిరి పట్టకుండా కోసిన ఉల్లిగడ్డతో రుద్దే పని నాకు అప్పజెప్పింది. నేను వాకిట్లో కారు అద్దం రుద్దుతూ ధారగా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి, కారు అమ్మేస్తున్నారని పాప ఏడుస్తోందని అనుకున్నారు. మర్నాడు ఇద్దరు బేరానికి కూడా వచ్చారు. తాతయ్య వాళ్ళను ఏనుగు వాలు దిగనంపారు.

చివరికి బ్రేకుల దగ్గరికి వచ్చింది. "బ్రేకులు ఎట్లుండాయో అడుగు పాపా మీ తాతను" అంది అవ్వ.

"నా మాట మీద గుర్రమే నిలిచేది. ఇనుము నిలవదా అని చెప్పు" అన్నారు తాతయ్య.

అవ్వ లోపలికి వెళ్ళి మామిడికాయ ఊరగాయ జాడీ తెచ్చింది. ఖాళీది కాదు, నిండుది. తాతయ్య ఆ ఊరగాయ లేకుండా ముద్ద ముట్టేవారు కాదు. దాన్ని రాతి వాలు కింద నట్టనడుమ పెట్టి, దీనికి ఇవతల ఆపమని నాతో చెప్పించింది. తాతయ్య మీసం సవరించుకొని, కారు ఎక్కి, వెన్ను నిటారుగా పెట్టి వాలు దిగారు. కారు ఆగింది. జాడీ దాటాక ఆగింది.

 కారం నూనె రాళ్ళ మధ్య పారుతోంది. తాతయ్య దిగి, దాన్ని చూసి, మర్నాడే బళ్ళారి నుంచి మెకానిక్కును పిలిపించారు. ఆ సంవత్సరం మా ఇంట్లో బ్రేకులు బాగుపడ్డాయి గాని, కొత్తకాయ వచ్చేదాకా ఊరగాయ లేదు.

ఇన్నింటికీ తలవంచిన తాతయ్య ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. అది తాడు. తేరుకు కొత్త తాడు పేనినప్పుడల్లా పాతదాంట్లోంచి బారెడు ముక్క కాదు, నాలుగు నిలువుల పొడవు తాడు మా ఇంటికి పసుపు కుంకుమలతో పంపేవారు. అది దేవుని గదిలో చిలక్కొయ్యకు వేలాడేది. దారిలో కారు ఆగితే పనికొస్తుంది, పెట్టుకుందామని అవ్వ అంది.

"తాడు ఎత్తుకొని పోయేది బావికాడికి, గుడికి కాదు. ముందే తాడు పెట్టుకుంటే ఆగిపోతామని మనమే దండోరా వేసుకున్నట్టు" అన్నారు తాతయ్య.

"ఏటా దేవుడే తాడు కట్టించుకొని లాగించుకుంటాండాడు. ఆయనకు లేని నామోషీ మీ తాతకు యాడినుంచి వచ్చిందో అడుగు పాపా."

"దేవునికి ఇంజను లేదని చెప్పు మీ అవ్వకు."

ఆ మాటతో ఆ చర్చ ముగిసిందని తాతయ్య అనుకున్నారు. పండగ రోజు చీకటితోనే బయలుదేరేటప్పుడు అవ్వ నన్ను వెనక సీటులో ఒక దుప్పటి మడత మీద కూర్చోబెట్టింది. మడత గట్టిగా, గరుకుగా, అక్కడక్కడా ఉబ్బెత్తుగా ఉంది. అద్దంలో నన్ను చూసి తాతయ్య, పాప పొడుగైందే అన్నారు. చలికాలంలో పిల్లలు ఎదుగుతారని అవ్వ కిటికీకి చెప్పింది.

కొండ ఎక్కడం మొదలయ్యాక లోకం కనిపించడం మానేసింది. పసుపు తొడుగుల వెలుతురులో దారి మాత్రం కొద్దికొద్దిగా ముందుకు జరుగుతోంది. అద్దం మీద ఆవిరి లేదు. కారు నిండా ఉల్లిగడ్డ వాసన. సగం ఎక్కామో లేదో, చెమ్మ తగిలిన ఇంజను ముసలివాడిలా దగ్గి, ఊరుకుంది. చక్రాల వెనక రాళ్ళు పెట్టాం. తాతయ్య తలపాగా తీయకుండానే దిగి, కారు ముందు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పారు. ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. తూర్పు తెల్లబడుతోంది. తాతయ్య తిరిగివచ్చి సీటులో కూర్చొని, స్టీరింగు చక్రం రెండు చేతులతో పట్టుకొని, కదులుతున్న కారులో చూసినట్టే ముందుకు చూడసాగారు.  

అప్పుడు కింద నుంచి జీపు చప్పుడు వినిపించింది. ఆ దారిలో ఆ వేళ ఇంకెవరి జీపు ఉంటుంది?

ఆపమని అడగవద్దని తాతయ్య నాతో అన్నారు. అవ్వ నన్ను లేపి దుప్పటి మడత విప్పింది. తాడు బయటపడింది. తాతయ్య అద్దంలో చూశారు. ఆమె ఆ ఒక్కసారి మాత్రం నన్ను మధ్యలో పెట్టలేదు.

"దేవునికి ఇంజను లేదు. మనకూ ఇప్పుడు లేదు" అని దిగింది.

తాడు ఒక కొస కారుకు కట్టి, రెండో కొస రెండు చేతుల్లో పట్టుకొని, తేరు ముందు నిలబడ్డట్టు దారి మధ్యలో నిలబడింది. జీపు వచ్చి ఆగింది. జీపప్ప దిగాడు. తాడు మీది పసుపు చూడగానే, ఆ చలిలో, చెప్పులు విడిచాడు.

"అమ్మా, ఇది తేరు తాడు కదా" అన్నాడు.

"అవునప్పా. దేవుణ్ణి లాగిన తాడు. ఈ పొద్దు మా బండికి కట్టినాము. మొదటి పట్టు ఎవరికియ్యాలబ్బా అని చూస్తాండా. సమయానికి నువ్వొస్తివి."

జీపప్ప ఆమెను చూశాడు. కారులో రాయిలా కూర్చున్న తాతయ్యను చూశాడు. ఆకాశం చూశాడు. మమ్మల్ని అక్కడే వదిలి వెళ్ళిపోతే ఆ ఉదయం తేరు తాడు అతనిదే. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.  తర్వాత అతను వంగి తాడు కళ్ళకద్దుకున్నాడు.

"స్వల్ప గట్టిగా కూర్చోండి ధణీ" అని, దొరను కన్నడంలో పిలిచినట్టు పిలిచి, తాతయ్యతో అన్నాడు. "మీరు లేకుండా నేను తేరు తాడు పడితే జనం నా చెయ్యి చూడరు. మీరు యాడ అని చూస్తారు."

తాతయ్య తల కొంచెం వంచారు. మా ఇంట్లో అది చాలా ఎక్కువ.

తాడు జీపుకు కట్టి బయలుదేరాక, కొండ ఎక్కి దిగేటప్పుడు, మలుపులో ఎడ్లబండి అడ్డమొచ్చి జీపు ఉన్నట్టుండి ఆగింది. తాతయ్య బ్రేకు తొక్కారు. మా కారు జీపు వెనక జానెడు దూరంలో నిలబడిపోయింది. అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ, జాడీ ఊరికే పోలేదులే అంది.

ఊరి జనానికి ముందుగా కనబడింది మంచులోంచి దిగివస్తున్న రెండు పసుపు వెలుగులు, వాటి ముందు పసుపు తాడు, దాన్ని లాగుతున్న జీపు. ఎవరో చేతులు జోడించారు. ఎవరో డప్పు అందుకున్నారు. ఏడాదంతా తాతయ్య భయపడింది, తన కారును ఇంకొకరు లాగుతుంటే జనం నవ్వుతారని. నవ్వినవాడు ఒక్కడూ లేడు. పిల్లలు పరుగెత్తుకొచ్చి తాడు ముట్టుకొని కళ్ళకద్దుకున్నారు. తాతయ్య ఒక చెయ్యి చక్రం మీద నుంచి తీసి, వాళ్ళ తాత ఏనుగు మీద నుంచి పెట్టినట్టే, అందరికీ నమస్కారం పెట్టుకుంటూ వచ్చారు.

కలశం అంచు ఎర్రబడుతుండగా ఆయన తేరు తాడు మీద మొదటి చెయ్యి వేశారు. వేసి, లాగకుండా ఆగారు. ఊరంతా ఎదురుచూస్తోంది. ఆయన పక్కకు చూశారు. ఎన్నడూ పక్కకు చూడని మనిషి. "రా అప్పా, నా పక్కన పట్టు" అన్నారు. జీపప్ప వచ్చి పట్టాడు.

మరుసటి ఏడాది చలికాలం రాగానే తాతయ్యే దేవుని గదిలోకి వెళ్ళి తాడు తెచ్చారు. దాన్ని దుప్పటి కింద దాచలేదు. ముందు సీటులో, తన పక్కన, అందరికీ కనబడేటట్టు పెట్టుకున్నారు. ఆగిపోయాక తాడుకోసం వెతుక్కుంటే అది బిచ్చం, బయలుదేరకముందే కట్టి పెట్టుకుంటే అది మర్యాద అని ఆయనే నాకు చెప్పారు. అవ్వ చెప్పిన మాట అని మాత్రం చెప్పలేదు. నేను నా జీవితంలో ఎక్కిన ప్రతి కారులోనూ ఒక తాడు ఉంటుంది. చలికాలంలో ఒక ఉల్లిగడ్డ కూడా ఉంటుంది. మా మనవలు నవ్వుతారు. నవ్వనీ అని, వెన్ను నిటారుగా పెట్టుకొని కూర్చుంటాను.

కారు ఆ తర్వాత కొన్నేళ్ళకు అమ్మేశాం. ఏనుగు పట్టే ఆ వాకిలి తలుపులు కూడా అమ్ముడుపోయాయి. కొన్నవాడు లారీ ఒకటే తెచ్చి, చాలక, వెనక్కి వెళ్ళి ఇంకొకటి తెచ్చుకున్నాడు.