సంపూర్ణమ్మ కాచిన బియ్యం

సంపూర్ణమ్మ బోనకల్ నుంచి చర్ల అవతలి అడవి పల్లెకు కోడలిగా వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. భర్త కన్నుమూసి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో ఆమె ఏ వారమూ మానని పని ఒకటుంది: శనివారం సాయంత్రం సంచి పట్టుకొని చర్చి సంఘంలోని ఏడిళ్లూ తిరగడం. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతిపూటా ఒక పిడికెడు తీసి, దేవుని పేర పక్కన పెడతారు. ఆ పిడికిళ్లన్నీ సంపూర్ణమ్మ ఇంట్లోని నీలం డ్రమ్ముకు చేరతాయి. ఏడాదికోసారి వాటిని అమ్మి మందిరానికి వాడతారు. ఈసారి కారుతున్న కప్పుకు రేకులు వేయించాలని నిశ్చయించారు.

తనకు అప్పగించినదాన్ని, అప్పగించినవారు చెప్పనిదే తాకకూడదు. ఆమె ఎరిగిన చట్టం అదొక్కటే.

జూలైలో వాగు పొంగింది. రేషన్ బియ్యం అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ప్రతి వానాకాలమూ అంతే. వంతెనకని మూడుసార్లు కొలతలు తీసుకుపోయినవారు మళ్లీ ఈ ఒడ్డు తొక్కలేదు. ఫోన్లు మూగబోయాయి. అయిదో రోజుకు పల్లెలోని పదకొండు ఇళ్లలోనూ గింజ లేదు. సంపూర్ణమ్మ తానూ పస్తుండి, బియ్యం పంపమని మోకాళ్ల మీద మూడు రోజులు ప్రార్థించింది.

పొరుగింటి ఎర్రమ్మ గడపలో కూలబడింది. ఆమె మందిరానికి వచ్చే మనిషి కాదు. ఆమె కూతురు పురుడు పోసుకొని పది రోజులైంది.

"ఏంది వదినా, ఇంకా రాలేదా నీ బియ్యం?"

"వస్తయ్. ఆయన మాట తప్పడు."

"వాగెట్ల దాటుతడు మరి? పడవ గిట్ల ఉన్నదా?"

"ఆయన నీళ్ల మీద నడిచినోడే."

"అయితే నెత్తిన మూట పెట్టుకొని నడవమను. జల్దీ రమ్మను. నా బిడ్డకు పాలు పడుతలేవు. పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది." ఎర్రమ్మ మూలకు చూసింది. "వదినా, ఆ డ్రమ్ము..."

"అది దేవునిది ఎర్రమ్మా. ముట్టొద్దు."

"అవ్, దేవునిదే. మూడు దినాల సంది నువ్వడుగుతున్నది ఎవర్ని మరి?"

సంపూర్ణమ్మకు మొదట కోపం వచ్చింది. తరువాత చూపు డ్రమ్ము మీదికి పోయింది. వాగు దారి చూసి చూసి కళ్లు కాయలు కాశాయే గాని, ఇన్నాళ్లూ ఒక్కసారైనా ఆమె తన ఇంట్లోకి చూసుకోలేదు. రేకుల మాట గుర్తొచ్చింది. పాస్టరు క్రిస్టోఫర్ అయ్యగారి ముఖమూ గుర్తొచ్చింది. లేచి డ్రమ్ము మూత తీసింది.

క్రిస్మస్ విందుకు వాడే పెద్ద గుండిగ పొయ్యికెక్కింది. మొదటి గంజి బాలింతకు వెళ్లింది. రేషన్ బియ్యం, సన్నబియ్యం, పోడు చేల ఎర్రబియ్యం కలగలిసి సగం మెత్తబడితే సగం పలుకుగానే ఉంది.

"మీ దేవుని బియ్యానికి ఒక్క మాట మీద ఉండుడు తెల్వదు వదినా," అంటూనే ఎర్రమ్మ రెండో ముద్ద ఎత్తింది.

నాలుగు రోజులు పదకొండు ఇళ్లూ ఆ పొయ్యి దగ్గరే తిన్నాయి. మూడో పూటకు బాలింతకు పాలు పడ్డాయి.

ఆదివారం వాగు నడుములోతుకు తగ్గింది. అయ్యగారు తడిబట్టలతో వచ్చారు. సంపూర్ణమ్మ ఆయనకు ఎదురెళ్లి, చేతులు కట్టుకొని నిలబడింది.

"అయ్యగారూ, డ్రమ్ములో బియ్యం అడుగంటినయ్. మిమ్మల్ని అడగకుండనే పెట్టిన. రేకులు ఇయ్యేడు రావు."

ఆయన కొంతసేపు మందిరం కప్పు వైపు చూశారు. "ఎవరెవరు తిన్నరమ్మా?"

"అందరు. మందిరానికి రానోళ్లు గూడ."

"రేకుల సంగతి సంఘానికి నేను చెప్త." ఆయన పొయ్యి పక్కన చతికిలబడ్డారు. "పొద్దుగాల్నుంచి నడుస్తున్న. నాకేమన్న మిగిలిందా?"

సంపూర్ణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని పళ్లెం కడిగింది.