తెల్లవారితే ఆదివారం

మా ఆవిడ ఉండే దేశం పేరు ఇక్కడ రాయను. నా ఫైలు ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది, ఎందుకొచ్చిన గొడవ. చలిదేశం అనుకోండి, చాలు. ఆమె అక్కడ ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికి ముందే వెళ్ళి, శాశ్వతంగా ఉండడానికి అనుమతి సంపాదించుకుంది. పెళ్ళయ్యాక నన్ను భర్తగా పిలిపించుకోవడానికి ఇద్దరం కలిసి దరఖాస్తు పెట్టాం. అప్పటి నుంచి నేను మేడ్చల్‌లో, మా బాపు కట్టించిన ఇంట్లో, అమ్మాబాపులతో, అన్నావదినలతో కలిసి ఉంటూ ఆ పిలుపు కోసం చూస్తున్నాను. సంవత్సరంలో అయిపోతుందన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఇప్పుడు నాకు ఎదురుపడరు.

మేమిద్దరం ఒకే ప్రాంగణంలో చదువుకున్నాం. నాది ఫార్మసీ, ఆమెది నర్సింగ్. వాళ్ళది గోదావరి వైపు. మామగారి ఉద్యోగం కోసం వచ్చి నాగారంలో ఇల్లు కొనుక్కున్నారు. మాది ఇక్కడి భూముల కుటుంబం. ఒకప్పుడు జొన్న వేసిన చోట ఇప్పుడు బాపు ప్లాట్లు అమ్ముతాడు. రెండిళ్ళలోనూ మా పెళ్ళికి పెద్దగా అడ్డు చెప్పలేదు. పేచీ అంతా ముహూర్తం దగ్గర వచ్చింది.

మా వైపు పెళ్ళిళ్ళు పగలే అవుతాయి. పదకొండింటికి తలంబ్రాలు, ఒంటిగంటకు భోజనాలు, పొద్దుగూకేలోపు ఎవరిళ్ళకు వాళ్ళు. వాళ్ళ వైపు బలమైన లగ్నం అంటే పిలిచిన జనమంతా కుర్చీల్లో కునికిపాట్లు పడే వేళ. వాళ్ళ పంతులుగారు రాత్రి రెండు నలభై ఏడుకు పెట్టారు.

"రాత్రి రెండింటికి పెండ్లేంది? మనమేమన్న దొంగతనం జేస్తున్నమా?" అన్నాడు బాపు.

"పిల్లల జాతకాలకి అదే బాగా కుదిరిందండి అన్నయ్యగారూ. మీరే పెద్దమనసు చేసుకోవాలి," అన్నారు అత్తగారు.

ఆ అన్నయ్యగారూ అన్న పిలుపుతో బాపు చల్లబడ్డాడు. ఆయనకు చెల్లెళ్ళు లేరు. శుభలేఖ మీద అందరూ వేయించినట్టే మేమూ వేయించాం: శనివారం రాత్రి రెండు నలభై ఏడు నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం. పక్కన శనివారం తేదీ. మన జనానికి ఇందులో తికమక ఏమీ లేదు. పొద్దు పొడిచేదాకా వారం మారదు, అంతే.

దరఖాస్తులో ఆమె నింపాల్సిన భాగం ఆమె నింపింది, నాది నేను నింపాను. పెళ్ళి తేదీ అన్న చోట నేను శనివారం తేదీ వేశాను. మా ఇంట్లో ఎవరినడిగినా అది శనివారం పెళ్ళే. ఆమె రాత్రి డ్యూటీల మనిషి, పన్నెండు దాటగానే రోగి చీటీ మీద తేదీ మార్చడం అలవాటైన చెయ్యి. ఆమె ఆదివారం తేదీ వేసింది. రిజిస్ట్రారు ఇచ్చిన పత్రంలోనూ అదే ఉంది. మరి ఒకరిదొకరు చూసుకోలేదా అంటే, చూసుకున్నాం. పేర్లలో అక్షరాలు, పాస్‌పోర్టు నంబర్లు కళ్ళు కాయలు కాసేలా చూశాం. పెళ్ళెప్పుడయిందో మాకు తెలియకపోవడమేమిటి అని ఆ గడి మీద మాత్రం ఎవరికీ చూపు ఆగలేదు. రుజువుగా శుభలేఖ కూడా జతచేశాం.

మొదటి ఏడు బాగానే గడిచింది. కొత్తలో ఎదురుచూడడం కూడా ఒక పనిలాగే ఉంటుంది. నా ఉద్యోగం శామీర్‌పేట దాటాక ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రల నాణ్యత చూసే విభాగంలో. నాకు రావలసిన సీనియర్ పోస్టు పక్కవాడికిచ్చి, మేనేజరు, "నువ్వెట్లాగూ పోతవు గద తమ్మీ," అన్నాడు. ఇంకా అక్కడే ఉన్నాను. ఆ పక్కవాడు మానేసి ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది ఒకే ప్రశ్న: ఇంక పోలేదా? బస్టాండులో అదే, గండిమైసమ్మ దగ్గర ఛాయ్ తాగుతుంటే అదే, చావు ఇంటికి పోతే అక్కడా అదే. ఒకాయన పాడె పక్కన నిలబడి అడిగాడు. పోయింది నేను కాదు కదా అని నోటిదాకా వచ్చి ఆగింది. మొదట్లో అందరికీ ఓపిగ్గా చెప్పేవాణ్ణి. తర్వాత "వచ్చే నెల" అనడం మొదలుపెట్టాను. అడిగినవాళ్ళకు కావలసింది జవాబు కాదు, మాట కలపడం అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక కోపం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇంటి వెనక అమ్ముడుపోని ప్లాటు ఒకటి ఉంది. చేతులు ఊరుకోక అందులో మెంతికూర చల్లాను, తర్వాత కొత్తిమీర, పాలకూర. బాపు గోడ మీద నుంచి చూసి, "కాపోని కొడుకువై గడ్డి పెంచుతున్నవేందిరా?" అన్నాడు. ఇవి నెల పంటలు, పిలుపొస్తే మధ్యలో వదిలేయకుండా కోసుకుని పోవచ్చు కదా అన్నాను. అలా కొన్ని నెలలు మా ఇంటిల్లిపాదీ మెంతికూర పప్పే తిన్నారు. రెండో వానాకాలం వచ్చేసరికి బెండ, టమాట పెట్టాను. నాకు తెలియకుండానే పెద్ద పంటల వైపు వెళ్తున్నాను.

అప్పుడు వచ్చింది ఆ దేశం వాళ్ళ ఉత్తరం. భర్త చెప్పిన పెళ్ళి తేదీ ఒకటి, భార్య చెప్పింది ఒకటి, ఆహ్వాన పత్రికా రిజిస్ట్రారు పత్రమూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ఈ వివాహం నిజంగా జరిగిందా అన్న విషయమై వివరణ ఇవ్వండి అని. చదివి బాపుకు తెలుగులో చెప్పాను.

"ఎనిమిది వందల మంది తిన్నరు గదరా," అన్నాడు. "వాళ్ళను వొయ్యి అడగమను."

పంతులుగారి దగ్గరికి వెళ్ళి ఉత్తరం రాయించుకున్నాం. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుందని ఆయన రెండు పేజీలు రాసి, మూడు శ్లోకాలు కూడా చేర్చారు. శ్లోకాలు తీసేయమని బతిమాలుకున్నాను. దాన్ని ఇంగ్లీషు చేయించి, నోటరీ పెట్టించి పంపాం. ఆ రాత్రంతా పెళ్ళి పీటల మీద నిద్రాపుకొని కూర్చున్న మేమిద్దరం, నిజంగా మొగుడూ పెళ్ళాలమేనని ప్రమాణ పత్రాల మీద సంతకాలు చేశాం. నాకు అవమానంగా అనిపించింది. ఆమె మాత్రం ఫోన్లో పడీపడీ నవ్వింది. "నిన్ను శనివారం చేసుకున్నాను, ఆదివారం కూడా చేసుకున్నాను, ఇంకేం కావాలి?" అంది. ఫైలు మళ్ళీ అడుక్కి పోయిందని వాళ్ళ వెబ్‌సైటు చెప్పింది.

ఆ వానలకు నేను పసుపు కొమ్ములు తెచ్చి నాటాను. అది తొమ్మిది నెలల పంట. బాపు చూశాడు. ఆ రోజు ఎగతాళి చేయలేదు. లోపలి నుంచి పార తెచ్చి, వంకరగా ఉన్న బోదెలు సరిచేసి వెళ్ళాడు.

ఆ మధ్యలో మా ఆవిడ సెలవు పెట్టి ఇక్కడ నెల్లాళ్ళు ఉండి వెళ్ళింది. వెళ్ళాక కొన్ని వారాలకు ఫోన్ చేసి, తను గర్భవతి అని చెప్పింది. ఇంట్లో అందరికీ చెప్పి, స్వీట్లు పంచి, పడుకోబోయే ముందు నాకు భయం పట్టుకుంది. బిడ్డ పుట్టేనాటికి నేను అక్కడ ఉంటానా? అప్పటిదాకా ఫైలు ఎప్పుడు కదిలినా ఒకటే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు దానికొక గడువు వచ్చి పడింది.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అత్తగారు పట్టుబట్టారు. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"అక్కడ కన్నానంటే బిడ్డకి కూడా ఇంకో ఫైలు పెట్టాలమ్మా. ఇంటికి ఒక ఫైలు చాలు," అంది.

పోనీ కాన్పు సమయానికి చూసొస్తానని నేను సందర్శకుడి వీసాకు పెట్టాను. తిరగ్గొట్టారు. ఇక్కడ స్థిరపడాలని దరఖాస్తు పెట్టుకున్నవాడు చూసి వెనక్కి పోతానంటే ఎలా నమ్మాలి అని వాళ్ళ వాదన. నిజం చెప్పాలంటే వాళ్ళ కుర్చీలో నేనున్నా నమ్మను. అత్తగారి దరఖాస్తు నేనే నింపాను, తేదీలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మరీ సరిచూశాను. ఆమెకు కొన్ని వారాల్లోనే వీసా వచ్చేసింది. సంతోషించాల్సిన వార్తే, సంతోషించాను కూడా. కానీ ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ప్రయాణానికి ముందు పెట్టె సర్దడానికి నాగారం వెళ్ళాను. బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి, నువ్వులుండలు అన్నీ తూకం వేసి పెట్టాం. చివర్లో అత్తగారు కాస్త మొహమాటపడుతూ అడిగారు.

"అల్లుడుగారూ, మీరు కట్టి కట్టి పాతబడిపోయిన లుంగీ ఏదైనా ఉంటే ఇస్తారా? పుట్టిన బిడ్డని కొత్తబట్టలో పట్టకూడదండి. పాతబట్ట అయితే మెత్తగా ఉంటుంది. తండ్రిదైతే ఇంకా మంచిది."

మర్నాడు నీలం గళ్ళ లుంగీ ఒకటి వేడినీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చాను. మోకాళ్ళ దగ్గర బాగా పలచబడిన లుంగీ. విమానాశ్రయంలో ఆమె లోపలికి వెళ్తుంటే చెయ్యి ఊపి, పార్కింగులో కారులో చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆడపిల్ల పుట్టింది. ఫోన్లో మొదటి ఫోటో వచ్చినప్పుడు మేమంతా హాల్లో ఉన్నాం. ఎర్రటి ముఖం, మూసుకున్న కళ్ళు, మెడ దాకా నీలం గళ్ళు. అమ్మ ఫోనుకు దండం పెట్టింది. బాపు కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోను పెద్దది చేసి చేసి చూశాడు.

"నీకంటే నీ లుంగికే ముందుగాల వీసా దొరికింది గదరా," అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. అమ్మ కొంగుతో ముఖం తుడుస్తుంటే సిగ్గనిపించలేదు.

ఇప్పుడు పాప బోర్లా పడుతోంది. నా ఫైలు పరిశీలనలో ఉందన్న మాట దగ్గరే ఉంది. అత్తగారు అక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు వచ్చే నెలతో అయిపోతుంది. మా ఆవిడ మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి. మొన్న ఆమె ఒక మాట అంది, చాలా రోజులుగా లోపల పెట్టుకున్నట్టుంది.

"అమ్మతో పాటు పాపని పంపించెయ్యనా? ఇక్కడ చాలామంది అలాగే చేస్తున్నారు. నీ దగ్గరుంటుంది. ఎత్తుకోవచ్చు నువ్వు."

ఆలోచించి చెప్తానన్నాను. ఇంట్లో చెబితే అమ్మ అటక మీది ఉయ్యాల దించమంది. "తెప్పియ్యి. మేం లేమా ఏంది?" అన్నాడు బాపు. నాకూ కావాలనే ఉంది. ఎంత కావాలనుందంటే, ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీలో ఏం పని చేశానో నాకు గుర్తులేదు. బండి మీద ఇంటికి వస్తుంటే భుజం మీద ఆ బరువు ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి. కానీ ప్రతిసారీ శామీర్‌పేట దాటేలోపే ఆమె కనిపించేది. డ్యూటీ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే, ఫోను గోడకు ఆనించి పెట్టుకుని, ఇక్కడ మా హాల్లో పాకుతున్న పిల్లను పిలుస్తూ.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారింది, పాప ఆమె ఒళ్ళో ఉంది.

"వద్దు," అన్నాను. "ఆసుపత్రి పక్కనే పిల్లల్ని చూసుకునే చోటుందన్నావు కదా, పగటి డ్యూటీ అడుగు. పాప నీ దగ్గరే ఉండనీ. ఫోన్లో చూసుకోవడం నాకు అలవాటైంది. నీకెందుకు కొత్తగా?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, పాపను ఫోను దగ్గరికి తెచ్చింది. పాప చెయ్యి చాచింది. నా తెరంతా ఆ అరచెయ్యే అయింది.