చిరునామా దొరకని పూర్వ విద్యార్థి

పోయిన నెల ఎప్పటిలాగే పొద్దున పేపర్లు చదవడానికి వనపర్తి గ్రంథాలయానికి వెళ్తే, బల్ల మీద నున్నటి అట్ట వేసిన బరువైన సంచిక ఒకటి కనిపించింది. పట్నంలో మా తమ్ముడు చదివిన విశ్వవిద్యాలయపు చిత్రకళా విభాగం వాళ్ళు, తమ విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ సాధించిన విజయాలన్నీ ఒకచోట చేర్చి అచ్చు వేయించి, ఊరూరి గ్రంథాలయాలకూ పంపినట్టున్నారు. నేను కుర్చీలో కూర్చోకుండానే వాడి పేరు కోసం పుటలు తిప్పాను. బహుమతుల పుటలో మొదటి బహుమతులే వేశారు, వాడికి వచ్చింది రెండోది. ప్రదర్శనల పుటలో లేడు, ఉద్యోగాల పుటలో లేడు. చిట్టచివర, వెనక అట్టకు ఆనుకుని, 'చిరునామా దొరకని పూర్వ విద్యార్థులు' అన్న మాట కింద సన్న అక్షరాల్లో మూడో పేరు వాడిది. తెలిసినవారు ఈ కాగితం నింపి పంపగలరని కింద ఒక ప్రార్థన. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి పది నిమిషాలు నడిస్తే వాడుండే గది.

మాది గద్వాల. నాయిన చీరెలు నేసేవాడు. మా చీరెకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలివేయాలి కాబట్టి పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడాలి, ఒక్కడి చేతులు చాలవు. ఇటు నాయిన కూర్చుంటే అటు పక్క నుంచి నాడె అందించడానికి మరొకరు కూర్చోవాలి. ఏడో తరగతి తర్వాత నన్ను బడి మాన్పించి ఆ పక్కన కూర్చోబెట్టారు. నాకు దాని మీద కోపమేమీ లేదు. ఎందుకంటే మధ్యాహ్నం అమ్మ వచ్చి నా చోట కూర్చోగానే నేను శాఖా గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. ఆ రోజుల్లో ఆడపిల్లలు అక్కడికి రావడం తక్కువ. గ్రంథాలయం సారు బీరువా వెనక నా కోసం ఒక స్టూలు వేయించాడు. మూసే వేళయినా నేను లేవకపోతే, తాళంచెవులు ఆడిస్తూ నవ్వేవాడు.

"అమ్మా, జర బయటికి రా. లేకుంటె నిన్ను కూడ బీరువల పెట్టి తాళమేస్త. తెల్లారి ఎవరన్న అడిగితె ఇచ్చి పంపుత."

ఆ బీరువాల్లో ఉన్నవి దాదాపు అన్నీ చదివాను. పట్టా లేదు కానీ, మా వాడకట్టులో ఎవరింటికి కోర్టు కాగితం వచ్చినా, దవాఖాన చీటీ వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నాయిన నన్ను 'కాగితం మేసే బిడ్డ' అని ఎగతాళి చేసేవాడే గానీ, లోపల ఎంత మురిసేవాడో నాకు తెలుసు. మగ్గం మీద నుంచి కోసిన ప్రతి చీరెనూ షావుకారుకు పంపే ముందు నా ఎదుటే విప్పి పరిచి, అంచు మీద వేలు నడిపి, ఎట్లుంది బిడ్డా అని అడిగేవాడు. చదువుకున్నదాని మాట కావాలి ఆయనకు.

తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడి చేతికి బొగ్గు దొరికితే గోడ మిగిలేది కాదు. నాయిన అంచుల కోసం గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి నెమళ్ళు, హంసలు వేసుకునేవాడు; పదేళ్ళు నిండకుండానే తమ్ముడు ఆ చుక్కలు చూడకుండా వేసేవాడు. నాకు వనపర్తిలో పెళ్ళయిన తర్వాత, ఎనభైల మొదట్లో అనుకుంటాను, అక్కడి గ్రంథాలయంలో ఆ వారపు పేపర్లు తిరగేస్తుంటే చిత్రకళా విభాగపు ప్రవేశ ప్రకటన కంటపడింది. పేపరు చింపకూడదు గనుక చేతి మీద రాసుకుని, ఆ సాయంత్రమే ఇంటికి ఉత్తరం వేశాను. వాడికి సీటు వచ్చింది. గద్వాల స్టేషనులో రైలెక్కించి వచ్చి, మా నాయిన వాడకట్టులో అందరికీ మా బిడ్డ పుస్తకాలల్ల చూసి పట్టుకొచ్చిన సీటు అని చెప్పుకున్నాడట.

అయిదేళ్ళు చదివాడు. నాలుగో యేడు విశ్వవిద్యాలయపు పోటీలో రెండో బహుమతి వచ్చిన బొమ్మలో, మగ్గానికి ఒకవైపు నాయిన, మరోవైపు అమ్మ, మధ్యలో గాలిలో నాడె. ఆ సంగతి పేపరులో మూడు పంక్తులు పడింది. నేను గ్రంథాలయంలో కూర్చుని ఒక నోటుబుక్కు మొదటి పుటలో ఎత్తి రాసుకున్నాను. అప్పటి నుంచి ఆ విభాగం పిల్లలకు ఎవరికి ఏ గౌరవం వచ్చినా ఆ పుస్తకంలో రాయడం అలవాటైంది. వాళ్ళంతా మా ఇంటి వాళ్ళే అయినట్టు ఉండేది.

చదువు ముగిసిన యేడు వాడు చేతిలో ఒక ఉత్తరంతో ఇంటికి వచ్చాడు. నేనూ పుట్టింట్లోనే ఉన్నాను. చేనేత డిజైన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. వేరే ఊరు, కానీ సర్కారు కొలువు. నాయిన మగ్గం ఆపకుండానే విన్నాడు.

"మంచిదే గదరా. నీడపట్టున కూసోని గీసుడే గద. నీకు వచ్చిన పనే."

వాడు నాయిన వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. అప్పటికి నేను విదేశీ చిత్రకారుల జీవితాల మీద వనపర్తి గ్రంథాలయంలోని ఒక లావుపాటి పుస్తకాన్ని మూడుసార్లు చదివి ఉన్నాను. వాళ్ళెవరూ కొలువులు చేయలేదు. ఆకలికి ఓర్చారు, చలికి ఓర్చారు, ఎవరేమన్నా తమ బొమ్మే వేశారు, లోకం తర్వాత వాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఓర్వలేక పోయినవాళ్ళ గురించి ఎవరూ పుస్తకం రాయరన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. వాడు కొలువులో చేరకుండా ఓపిక పట్టాలని, పెద్ద చిత్రకారుడు కావాలని చాలాసేపు మాట్లాడాను. చివరికి అన్నాను.

"చీరె అంచులు గీసెతందుకా అయిదేండ్లు సదివింది?"

మగ్గం ఆగింది. నాడె కోసం చాపిన అమ్మ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నాయిన కోపంగా కూడా చూడలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మరి గిన్నేండ్లు మేం చేసిందేంది బిడ్డా?"

ఏం చెప్పినా ఆయనకు అర్థం కాదనుకున్నాను, చదువుకున్నవాడు కాదు కదా అని. ఆ సాయంత్రం ఉద్యోగం వద్దంటూ తమ్ముడు రాసిన ఉత్తరానికి వాక్యాలు చెప్పింది నేనే. మంచి భాషలో చెప్పానని గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత పదేళ్ళకు పైగా బతికిన నాయిన, కోసిన చీరె ఒక్కటి కూడా నా ముందర విప్పలేదు.

తమ్ముడు మూడేళ్ళు బొమ్మలు చుట్టి చంకన పెట్టుకుని పట్నం తిరిగాడు. ఎవరూ కొనలేదు, ప్రదర్శనకు ఎవరూ గోడ ఇవ్వలేదు. తర్వాత నాగర్‌కర్నూల్‌లో రేకుల గది తీసుకుని దుకాణాల బోర్డులు రాశాడు, తిమ్మాజిపేటలో, బల్మూర్‌లో బడి గోడల మీద దేశపటాలు వేశాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. నేను మాత్రం నమ్మకం పోగొట్టుకోలేదు. విభాగం వాళ్ళలో ఫలానా అతని బొమ్మ ఢిల్లీలో పెట్టారని, ఫలానా అమ్మాయికి విదేశంలో చదవడానికి పిలుపొచ్చిందని, నోటుబుక్కులోకి ఎక్కించిన ప్రతి సంగతీ పోస్టుకార్డు మీద వాడికి రాసేదాన్ని. వాడు వదిలిన ఆ ఉద్యోగంలో వాడి తరగతి అతనే చేరాడు. అతని డిజైనుకు బహుమతి వచ్చినప్పుడు అదీ రాశాను. వాడికి పట్టుదల పెరుగుతుందనుకున్నాను.

తొంభైల్లో ఒక వానాకాలం వాడికి జ్వరమని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. మంచం కింద నా కార్డులన్నీ పడుగు దారంతో కట్టి ఉన్నాయి. సంతోషపడ్డాను. బొమ్మలేవిరా అని అడిగితే వాడు పడుకునే పైకి చూపించాడు. రేకు చిల్లులు పడిన చోట, బహుమతి వచ్చిన ఆ బొమ్మనే పైన పరిచి మేకులు కొట్టాడు. అమ్మా నాయినా వానలో ఆకాశం వైపు చూస్తున్నారు, మాకు గుడ్డ వెనక భాగమే కనబడుతోంది.

"నూనె రంగు నీళ్ళు ఆపుతదక్కా. ఒక్క చుక్క కారదు. ఎంత మంచిగేసిన్నో సూడు."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పోయేటప్పుడు గడప దగ్గర, వేరేవాళ్ళ ముచ్చట చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"అక్కా, జర గా కార్డులు రాసుడు బంద్ చెయ్యరాదు. అవి వచ్చిన దినం నాకు చెయ్యి ఆడదు."

ఎన్ని కార్డులు రాశానో బస్సులో కూర్చుని గుర్తు చేసుకోబోయి, చేసుకోలేకపోయాను. నోటుబుక్కు ఆ రోజే మూసేశాను. అప్పటికే ఆలస్యమైంది. వాడు ఆ తర్వాత బొమ్మ వేయలేదు. కొన్నాళ్ళకు బోర్డుల పని కూడా పోయింది. ఇప్పుడు ఒక ఫ్లెక్సీ దుకాణంలో కట్టెల చట్రాలకు మేకులు కొడతాడు.

సంచికలోని ఆ కాగితాన్ని జెరాక్స్ తీయించుకుని పోయిన వారం వాడి దగ్గరికి వెళ్ళాను. పేరు, చదివిన సంవత్సరం, ఇప్పటి వృత్తి, సాధించిన విజయాలు అని నాలుగు గళ్ళు. వాడు చదివి, సుత్తె కింద పెట్టకుండానే అన్నాడు.

"గట్లాంటోడు లేడని రాయి."

ఇన్నేళ్ళూ అనాలనుకున్న మాట అప్పుడు అన్నాను. ఆ కొలువు వద్దని చెప్పి నీ బతుకు పాడు చేసింది నేనేరా అని. వాడు తిడితే బాగుండునని ఎంతగా కోరుకున్నానో. వాడు నోట్లో పట్టుకున్న మేకులు అరచేతిలోకి తీసుకుని, నా వైపు జాలిగా చూశాడు.

"నీ మాట ఇన్నది నేనే గదక్కా. పోనీయ్. నాయిన అడిగిందానికి మాత్రం ఆయన ఉన్నప్పుడు ఒక్కపారన్న జవాబు చెప్తె బాగుండు."

ఆ కాగితం ఇప్పుడు నా నోటుబుక్కులో, మొదటి పుట దగ్గరే ఉంది. నింపలేదు. సంచికలో ఆ ఉద్యోగంలో చేరిన అతనికి ఒక పుట మొత్తం ఇచ్చారు. పక్కన అతను గీసిన అంచు ఫోటో. మగ్గం పక్కన కూర్చున్నదాన్ని గనుక చెబుతున్నాను, మంచి అంచే. మా తమ్ముడి చెయ్యి అంతకంటే మంచిది.

వనపర్తి గ్రంథాలయంలో ఇప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు నిండుగా ఉంటారు, బీరువాల వైపు ఎవరూ చూడరు. ఆ లావుపాటి పుస్తకం అక్కడే ఉంది, లోపల అంటించిన చీటీలో మూడు తేదీలూ నావే. మొన్న గద్వాల వెళ్తే మా వాడకట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచినా ఒక్క నాడె చప్పుడు వినబడలేదు. నూలు ధర అని ఒకరు, మిల్లు చీరెలని ఒకరు, పిల్లలు నేర్వలేదని ఒకరు కారణాలు చెప్పారు. అన్నీ నిజమే కావచ్చు. మా ఇంటి ముందర నిలబడి వింటూ ఉన్నాను. ఆ వీధిలో ఆగిన మగ్గాల్లో మొదటిది, ఆ పూటకే అయినా, నా మాటకు ఆగింది.