చీర అవతలి కొస

ఆదివారం పూట చీర పిండుతుంటే ఇప్పటికీ నా ముక్కుకు కుంకుడు రసం, తడి నూలు కలిసిన వాసన వస్తుంది. నేను వాడేది అంగట్లో దొరికే సబ్బు పొడి. మా ఇంట్లో కుంకుడుకాయలు లేవు. ఆళ్లగడ్డలో మా దొడ్డి స్తంభానికి చీర ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని మెలితిప్పుతాను. మిషన్ మీట నొక్కితే అదే పిండుతుంది కదా అని మా ఆయన నవ్వుతాడు. ఒక్క చీర కోసం ఆ మీట నొక్కడానికి నాకు చెయ్యి రాదు. కారణం నంద్యాల దీనమ్మ టీచర్.

పెళ్లికి ముందు నేను పగలు ఆళ్లగడ్డలో ఒక బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోయేదాన్ని. దీనమ్మ టీచర్ ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆమె రిటైరైంది, భర్త పోయాక ఒక్కతే ఉండేది. వెళ్లిన కొత్తలో రెండు చుడీదార్లు మిషన్లో వేసి తిప్పుతుంటే వచ్చి స్విచ్చి ఆపేసింది.

"రెండు గుడ్డలకు ఇన్ని నీళ్లా? ఇంత కరెంటా? అంగడోళ్ల ఇంట్లో పుట్టి ఇదేందీ పాపా?" అన్నది. మా నాయనకు ఆత్మకూరులో కిరాణా అంగడి ఉందని ఎప్పుడో చెప్పి నోరు జారాను. "నావీ నీవీ కలిపి ఉతుకుదాం. వేణ్నీళ్లకు సన్నీళ్లు తోడు."

అలా మా బట్టలు ఒక బకెట్టులోకి చేరాయి. రాత్రే నానబెడితే సగం మురికి ఊరికే పోతుందనేది. అరిగిన సబ్బు ముక్కలను పాత గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఆడించేది. రంగుపోయే చీరలకు కుంకుడు రసమే. జాడించిన నీళ్లు బాత్రూం కడగడానికి. దుప్పట్లు నిండుగా పోగైతేనే మిషన్. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చీరలు పిండడానికి నన్ను పిలిచేది. చెరో కొస పట్టుకుని నేను ఇటు తిప్పితే ఆమె అటు తిప్పేది. ఆ వయసులో ఆ చేతుల్లో అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. "నంద్యాల ఎండ ఊరికే వస్తాంటే కరెంటుకు దుడ్లు పొయ్యాల్నా?" అనేది.

ఇంత పొదుపు మనిషీ ఒక్క విషయంలో మాత్రం పొద్దుటి ఎండను వృథా చేసేది. నేను ఆళ్లగడ్డలో బస్సు దిగి 'చేరినా' అని ఫోన్ చేసేదాకా నీళ్లలో చెయ్యి పెట్టేది కాదు. మనిషి ఊరికి బయలుదేరిన వెంటనే ఇల్లు కడగకూడదనీ, బట్టలు తడపకూడదనీ మా ఇంట్లోనూ అంటారు. శవాన్ని ఇంట్లోంచి తీసుకెళ్లాకే అలా చేస్తారట. కానీ బైబిలు చదివే టీచరుకు ఇవేమిటని ఒకసారి ఆటపట్టించాను. "టీచరమ్మా, మీ వాళ్లకు శకునాలు లేవు కదా?"

"మా వాళ్లకు లేవు. నాకుండాయి."

భర్త పోయిన పొద్దు సంగతి తానే చెప్పింది. "కొళాయి వచ్చిందని, ఆయప్ప గడప దాటంగానే సొక్కా నీళ్లల్లో ముంచినా. సొక్కా చెయ్యి వచ్చి నా మణికట్టు సుట్టుకునె. లాగితే రాలె. మనిషి పట్టుకున్నట్టే ఉండె. ఇసిరి ఇడిపించుకున్నా. ఆ పొద్దే గోస్పాడు దావలో లారీ గుద్దిందని వచ్చి చెప్పిరి."

"తడిబట్ట చుట్టుకోవడం మామూలే కదా?" అన్నాను.

"మామూలే. నేనూ అట్లనే అనుకున్నా" అని మణికట్టు రుద్దుకుంది. ఆ రోజు నుంచి ఆమెను ఆటపట్టించడం మానేశాను.

క్రిస్మస్‌కు ఒకే రకం నీలం నూలు చీరలు రెండు తెచ్చింది, తనకొకటి, నాకొకటి. కలిపి ఉతికినప్పుడు తారుమారు కాకుండా నా చీర కొంగు మూల ఎర్ర దారంతో ముడి వేసింది.

వేసవి మొదట్లో ఒక పొద్దున బస్సు శిరివెళ్ల చేరుతుండగా ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"పాపా, యాడుండావ్?"

"శిరివెళ్ల దగ్గర."

"దిగు. కొళాయి వచ్చిందని బకెట్టు జరపబోయి చెయ్యి పెట్టినా. నీ నీలం చీర పట్టుకుండాది. ఈ తూరి నేను ఇడిపించుకోను. నువ్వు దిగు."

ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం మానుకోమని హెడ్మాస్టర్ అప్పటికే చెప్పి ఉన్నాడు. అయినా లేచాను. ఫోన్లో ఆమె మాటల వెనక నీళ్లు పొంగి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. చుక్క నీరు పోనివ్వని మనిషి కొళాయి కట్టలేదు. దిగి, బస్సు కదిలిపోయాక, "దిగినా టీచరమ్మా" అన్నాను.

"బతికినాం పో" అన్నది.

వెనక బస్సులో ఆళ్లగడ్డ చేరాను. నేను దిగిపోయిన బస్సు బస్టాండులో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. నాకు నవ్వూ, కోపమూ కలిసి వచ్చాయి. 'చేరినా' అని చెబుదామని ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. చివరికి ఎదురింటి వాళ్లకు చేసి చూసి రమ్మన్నాను. వాళ్లు చెప్పింది విని, బడి గుమ్మం తొక్కకుండానే నంద్యాల బస్సు ఎక్కాను.

బకెట్టు పక్కన గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టే ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు. కుడి మణికట్టుకు నీలం చీర చుట్టుకుని ఉంది. ఎదురింటి ఆడవాళ్లు ఎంత లాగినా రాలేదట. నేను పట్టుకుంటే ఒక్కో చుట్టూ మెత్తగా ఊడి వచ్చింది. కొంగు మూల తడిమి చూశాను. ముడి లేదు. నాలుగు మూలలూ చూశాను. ఎక్కడా ఎర్ర దారం లేదు. నా చీర నా గదిలో, మంచం మీద, విప్పిపడేసినట్టే పొడిగా ఉంది.

చూపు ఆనక, తన చీరనే నాదనుకుంది. నన్ను కాపాడానన్న నిశ్చింతతో పోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపు ఆగదు.

ఆమె చీరను వాళ్ల చెల్లెలు నాకే ఇచ్చింది. ఇప్పుడు నా ఇంట్లోనూ రాత్రి నానబెట్టడం, సబ్బు ముక్కల మూట, నిండితేనే మిషన్. మా ఆయన ఊరికి పోతే, చేరానని ఫోన్ వచ్చేదాకా బట్ట తడపను. ఆదివారం ఆ నీలం చీర స్తంభానికి కట్టి పిండుతాను. చాలాసార్లు స్తంభం స్తంభంలాగే ఉంటుంది. గాలి కూడా లేని కొన్ని పూటల్లో మాత్రం, నేను ఇటు తిప్పుతుంటే చీర అవతలి కొస అటు తిరుగుతుంది, గట్టిగా. నేను చెయ్యి విడిపించుకోను.

"చేరినా, టీచరమ్మా" అంటాను.

అప్పుడు చీర వదులవుతుంది.