బిర్యానీ వేళకు కొట్టిన సెంచరీ

ఇరవై ఏళ్ళుగా నేను చెబుతూ వచ్చిన మాటను మొన్న శుక్రవారం పొద్దున, కోటూ టై వేసుకున్న ఒక అమెరికావాడు టీవీలో చెప్పాడు. అదే మాట నేను ఎత్తినప్పుడల్లా ఉప్మాలో ఉప్పు సంగతి మాట్లాడే మా అల్లుడు, ఆ కోటు మనిషి నోట వినేసరికి చెంచా పక్కన పెట్టి, "అబ్బ, ఏం పాయింట్ పట్టిండు మామా" అన్నాడు. ఈ దోహాలో నా మాట చెవిన పెట్టనివాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళలో అల్లుడు చిన్నవాడు, క్షమించవచ్చు. పెద్దవాళ్ళను మాత్రం నేను క్షమించలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా అల్లుడికి ఆఫీసులో ఉన్న అమెరికన్ బాసు వల్ల వాళ్ళ ఫుట్‌బాల్ పిచ్చి అంటుకుంది. పేరుకు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేదే ఎక్కువ. అలా విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారట, జట్టు గెలిస్తే పేరంతా అతనికే. జట్లను నాలుగేసి చొప్పున డివిజన్లుగా కడతారు, ఒక డివిజన్లోని వాళ్ళు ఏటా ఒకరితో ఒకరు రెండేసి సార్లు ఆడాలి. ఆ రోజు టీవీలో వాదన ఒక మహా క్వార్టర్‌బ్యాక్ గురించి. ఏళ్ళ తరబడి అతని డివిజన్లో మిగిలిన మూడు జట్లూ చేవలేనివే కదా, మరి అతని కీర్తిలో గింజ ఎంత, పొల్లు ఎంత అని. అల్లుడు మళ్ళీ అతని వైపే తిరిగాడు. ఎదురుగా ఎవరిని నిలబెడితే వాళ్ళతోనే ఆడతాడు కదా, పైగా చివరి పోటీల్లో వేరే డివిజన్ల వాళ్ళనూ ఓడించాడు కదా అన్నాడు. ఓడించాడు, ఒప్పుకున్నాను, ఆ మనిషితో నాకేం పగ. కానీ చేతగాని పొరుగువాళ్ళ మీద గెలుపులు పోగేసుకున్నవాడికి ఆ చివరి పోటీలు సొంత మైదానంలో దొరుకుతాయి, ముందు ఒక వారం విశ్రాంతి దొరుకుతుంది, ఒంటి మీద దెబ్బలు తక్కువగా ఉంటాయి, గట్టి డివిజన్లోంచి వచ్చినవాడు అప్పటికే సగం విరిగి ఉంటాడు, ఆ తేడాను ఏ బహుమతీ చూడదు అన్నాను. అల్లుడు ప్లేటు పక్కకు జరిపి, "మీరు మాట్లాడేది క్వార్టర్‌బ్యాక్ గురించి కాదు మామా, చిన్నమామ గురించి" అన్నాడు.

అవును, ఆయన గురించే. చిన్నమామ అంటే నా షడ్డకుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. దోహాకు దక్షిణాన ఉన్న ఫ్యాక్టరీల ఊరు మెసయీద్‌లో ఎరువుల ప్లాంటులో ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరై, వచ్చే నెల వరంగల్ వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోపు ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళు ఆయనకు సన్మానం చేసి, ఏటా జరిగే క్రికెట్ కప్పుకు ఆయన పేరు పెడతారట. ఈ ముచ్చట నాకు ఎవరూ చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో పోస్టరు చూసి తెలుసుకున్నాను. దాని కింద నా అభ్యంతరం వివరంగా రాస్తే, నా రాత కిందనే ఒకాయన గులాబీ పువ్వు పెట్టి శుభోదయం చెప్పాడు. మళ్ళీ రాశాను. కార్యదర్శి బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఫోన్ చేస్తే, "చూద్దాం అన్నా, డ్యూటీల ఉన్న" అన్నాడు. ఆయన డ్యూటీ ఇంకా అయిపోయినట్టు లేదు.

మీలో ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మాలో ఎవరికీ కార్లు లేవు, శుక్రవారం కంపెనీ ఇచ్చే బస్సే గతి, ఆ బస్సు డ్రైవరు జుమ్మా నమాజుకు ముందే తిరిగి రావాలి. అందుకని ఆట తెల్లారుతూనే మొదలయ్యేది, ఎండ నెత్తి మీదకు రాకముందే ముగిసేది. గట్టిపడ్డ ఇసుక నేల, నడుమ సిమెంటు పట్టీ, దాని మీద చాప, టేపు చుట్టిన టెన్నిస్ బంతి, అంతే మా వైభవం. లీగు పెట్టిన పెద్దలు జట్లను రెండు గ్రూపులు చేశారు. ఏ ప్రాతిపదికన అనుకున్నారు? బలాన్ని బట్టి కాదు, చీట్లు తీసి కాదు, బస్సు ఎక్కడిదాకా వెళ్ళి రాగలదో దాన్ని బట్టి. మెసయీద్ జట్లన్నీ ఒక గ్రూపు, ఇండస్ట్రియల్ ఏరియా జట్లన్నీ ఒక గ్రూపు. ఇది అన్యాయం అని మొదటి మీటింగులోనే లేచి చెప్పాను. నాకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు.

మాది ఇండస్ట్రియల్ ఏరియా గ్రూపు, అది ఎలాంటిదంటే, ట్రాన్స్‌పోర్టు కంపెనీ జట్టులో పెషావర్ వైపు నుంచి వచ్చిన ట్రెయిలర్ డ్రైవరు ఒకడుండేవాడు, వాడి చేతిలో టేపు బంతి ఇటుకరాయిలా వచ్చేది. స్కాఫోల్డింగ్ కంపెనీలో ఒక శ్రీలంక వాడు బంతిని ఎటు తిప్పుతాడో వాడి కీపరుకే తెలిసేది కాదు. ఇలాంటివాళ్ళ ఎదుట మా జట్టును నిలబెట్టినవాడు మా కెప్టెన్. నిజామాబాద్ మనిషి, మా యార్డులో క్రేన్ ఆపరేటరు, నేను స్టోర్సులో. క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకు తెలుగులో, ఫీల్డర్లకు ఉర్దూలో, అంపైరుకు ఆ రెండూ కలిపి చెప్పేవాడు. ఆయన ఇరవై పరుగులు చేశాడంటే వాటిలో ఒక్కటి కూడా ఊరికే రాలేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన వీపుకూ మోకాలికీ నేను బామ్ రుద్దేవాణ్ణి, ఆ వాసనకు గదిలో మిగతావాళ్ళు తిట్టేవాళ్ళు.

ఇక మెసయీద్ గ్రూపు. అందులో ఒక జట్టు అకౌంట్సు ఆఫీసుది, కళ్ళజోడు సర్దుకుంటూ క్యాచ్ వదిలే పెద్దమనుషులు. ఇంకొకటి రిఫైనరీ నైట్ షిఫ్టు వాళ్ళది, డ్యూటీ దిగి హెల్మెట్ తీసి నేరుగా మైదానానికి వచ్చేవాళ్ళు, స్లిప్పులో నిలబడి నిలబడే కునికేవాళ్ళు. మూడోది క్యాటరింగు జట్టు, అంటే క్యాంపు వంటవాళ్ళు. వీళ్ళ మీద నా షడ్డకుడు పులి. మెసయీద్ పులి అనే పేరు పెట్టింది కూడా ఆయన ప్లాంటు వాళ్ళే.

ఇప్పుడు సన్మానం పోస్టరు మీద వేసిన ఆ సెంచరీ సంగతికి వస్తాను. అది జరిగిన రోజు మా జట్టుకు ఆట లేదు, విజిట్ వీసా మీద వచ్చిన మా ఆవిడను చెల్లెలింటికి తీసుకువచ్చి ఆ మైదానం పక్కనే నేను ఉన్నాను. ఎదుటి జట్టు వంటవాళ్ళు. శుక్రవారం, క్యాంపులో బిర్యానీ రోజు. నమాజు నుంచి జనం తిరిగి వచ్చేసరికి బిర్యానీ తయారుగా లేకపోతే వాళ్ళ ఉద్యోగాలకే ఎసరు. అందుకని వాళ్ళు పరుగెత్తకుండా నిలబడ్డచోటి నుంచే బంతులు వేస్తున్నారు, బౌండరీకి పోయే బంతి వెంట ఎవరూ పోవడం లేదు, ఎందుకంటే పరుగెత్తి ఆపడం కన్నా దాటనిచ్చి తెచ్చుకోవడం త్వరగా అవుతుంది. ఒకసారి మా పులి లేపిన బంతి నేరుగా పెద్ద వంటవాడి చేతుల్లో పడింది. అతను దాన్ని పట్టుకుని, ఒక క్షణం ఆలోచించి, జాగ్రత్తగా నేల మీద జారవిడిచాడు. ఓవరు మారేటప్పుడు అతను బౌండరీ తాడు దగ్గరికి వస్తే అడిగాను, అదేంటయ్యా అని. జగిత్యాల మనిషి, నిజం చెప్పాడు.

"ఈయన అవుటైతే కొత్తోడు నడుసుకుంట రావాలె, గార్డు తీస్కోవాలె, ఇటు అటు జూడాలె. గంతసేపు ఎవడుంటడు సార్? ఆడ బియ్యం నానవెట్టి వచ్చిన. ఈయననే కొట్టుకోనీ."

అదీ సెంచరీ. ఆ తర్వాత వంటవాళ్ళు బ్యాటింగుకు వచ్చి, వరసగా బ్యాట్లు గాల్లో ఊపి, బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం క్యాంపులో బిర్యానీ వేళకే వచ్చిందని విన్నాను. ఆ సాయంత్రం మరదలి ఇంట్లో కేకు కోశారు. నేను జరిగింది చెప్పబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది. ఫోటో దిగుదాం అన్నారు, అందరూ నిలబడ్డాక కెమెరా నా చేతికిచ్చారు. ఆ ఫోటోయే ఇప్పుడు పోస్టరు మీద ఉంది. అందులో నేను లేను.

ఇలాంటి గ్రూపులోంచి ఆయన జట్టు ఏటా నలగకుండా ఫైనల్‌కు వచ్చేది. ఫైనల్లో ఆయనేం చేసేవాడో మాత్రం ఎవరూ చెప్పరు. మా జట్టు ఫైనల్‌కు చేరిన సంవత్సరం, ముందు శుక్రవారమే ఆ ట్రెయిలర్ డ్రైవరు బంతి మా కెప్టెన్ మోకాలికి తగిలి అది కొబ్బరికాయంత వాచింది. గుడ్డ చుట్టుకుని, తన తరపున పరుగెత్తడానికి నన్ను పెట్టుకుని ఆడాడు. అంతకు ముందే నా షడ్డకుడు ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో వచ్చి, రెండు బంతులు ముందుకూ వెనక్కూ ఆడి, మూడోదానికి వికెట్లు పడగొట్టించుకుని, వెలుతురు బాగాలేదని చెప్పి వెళ్ళాడు. పొద్దున ఏడున్నర, ఖతర్ ఎండ. చివరి బంతిని మా కెప్టెన్ ఒంటికాలి మీద లేపితే అది వరసగా నిలబెట్టిన కంపెనీ బస్సుల మీదుగా పోయి అవతల ఎక్కడో పడింది, మళ్ళీ దొరకలేదు. మేం గెలిచాం. ఉత్తమ బ్యాట్స్‌మన్ బహుమతి మాత్రం సీజన్ మొత్తం పరుగులు కూడి ఇస్తారు కాబట్టి, పెట్టె అంత ట్రోఫీని నా షడ్డకుడు మోసుకుపోయాడు. మా కెప్టెన్‌కు చేయి కలిపారు. ఆ మోకాలు క్రేన్ మెట్లు ఎక్కనివ్వక, మరుసటి ఏడాది ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పుడు సంఘం ఒక్క పూలదండ కూడా వేయలేదు, అప్పుడూ అడిగాను.

పోస్టరు వచ్చిన రోజే నిజామాబాద్‌కు ఫోన్ చేశాను. కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. "పెట్టుకోనీ భాయ్, పేరే గద. మీ ఇంటాయననే గద. ఛోడో" అన్నాడు. మనవరాలి చదువు గురించీ, షుగర్ గురించీ మాట్లాడాడు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి, "ఆ బంతి బస్సుల మీదికెల్లి పోయింది, యాదున్నదా భాయ్? మా పోరగాండ్లకు జెప్తే నమ్ముతలేరు. ఆడ ఎవరికన్న యాదున్నదా?" అని అడిగాడు. నాకుంది అన్నాను. మిగతావాళ్ళను అడిగి చెబుతానన్నాను.

ఇప్పుడు అంతా మారింది. దీపస్తంభాల కింద పచ్చగడ్డి మీద ఆడుతున్నారు, ఎవరి కారులో వాళ్ళు వస్తున్నారు, గ్రూపులకు చీట్లు తీస్తున్నారు, నేను మొదటి మీటింగులో అడిగిందే. అడిగింది నేనని ఎవరికీ గుర్తులేదు. బస్సులు నిలిచే ఆ ఇసుక నేల మీద గోదాములు లేచాయి, ఆ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా, వాటి కింద ఎక్కడో టేపు ఊడిన ఒక బంతి ఉంటుందని తల తిప్పి చూస్తాను. జ్ఞాపకం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వీసా రద్దు చేయించుకుని, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని సొంతూళ్ళకు వెళ్ళిపోతున్నారు. మిగిలేది పోస్టరు మీద ఉన్నదే.

కాబట్టి సంఘం పెద్దలకు ఇక్కడే అడుగుతున్నాను, పువ్వులూ బొటనవేళ్ళూ వద్దు. మా గ్రూపు జట్ల మీద, ఏ ఫైనల్లోనైనా, నా షడ్డకుడు నిలబడి ఆడిన ఇన్నింగ్స్ ఒక్కటి చెప్పండి. చెప్పగలిగితే సన్మానం రోజు శాలువా నేనే కప్పుతాను. చెప్పలేకపోతే, బస్సుల మీదుగా పోయిన ఆ బంతి కొట్టింది ఎవరో మీలో ఒక్కరు మైకులో చెప్పండి. ఆ రోజు నేను ఫోన్ పట్టుకుని మొదటి వరసలో కూర్చుంటాను, అవతల నిజామాబాద్‌లో ఆయన వింటూ ఉంటాడు. జవాబు చెప్పండి.