సాస్సీ దిమ్మలు

సాస్సీని బద్ధకస్తుడన్నవాడి నాలుకకు వాత పెట్టాలి. కెర్కెన్నా దీవుల్లో నలభై ఏళ్లు నడుంలోతు నీళ్లలో నిలబడి దడి కట్టిన మనిషతను. ఖర్జూరపు మట్టలను వరుసగా సముద్రపు అడుగున గుచ్చుకుంటూ పోవాలి. పోటు తీసేటప్పుడు చేప ఆ దడి వెంటే వచ్చి చివర మట్టలతోనే కట్టిన గదిలో పడుతుంది. వేసవి రాగానే మట్టలన్నీ పీకేసి నీళ్లను ఖాళీగా వదలాలి. తాతల నాటి కట్టు అది. "సముద్రానికీ ఓ కునుకు కావాల్రా" అనేవాడు అతని తండ్రి. ఆ దడి చోటు తప్ప ఆయన కొడుక్కి ఇచ్చి పోయిందేమీ లేదు.

నడుం పడిపోయాక సాస్సీకి ఓ ఉపాయం తట్టింది. సిమెంటు దిమ్మలు పోసి మట్టల్ని వాటిలో నిలబెట్టాడు. వేసవిలో మట్టలు తీసినా దిమ్మల్ని అక్కడే వదిలేశాడు. మొదట నవ్విన ఊరే ఏడాది తిరిగేసరికి అతని గుమ్మంలో వాలింది. అందరికంటే ముందొచ్చినవాడు బావమరిది ఫర్హాత్. "బుర్రంటే నీదే బావా!" అన్నాడు. ఏటేటా గుచ్చే చాకిరీ తప్పుతుందని అందరూ అవే దిమ్మలు పోసుకున్నారు, వాటికి సాస్సీ దిమ్మలనే పేరు పడిపోయింది. పిచ్చి మారాజు, మురిసిపోయాడు.

నాలుగేళ్లకు గదిలో చేప పోయి హరీగా మిగిలింది. తగిలితే ఒళ్లు మండించే జెల్లీచేపను అక్కడ అలాగే పిలుస్తారు. పూర్వం ఏడాదికి పదో పరకో కనబడేవి. ఇప్పుడు ఆ జిగురు బరువుకి దడే ఒరిగిపోతోంది. ఇలాగే సాగితే మరుసటేటికి దడి ఉండదు.

స్ఫాక్స్ పట్నం నుంచి సముద్రపు చదువు చదివిన పిల్ల ఒకతె వచ్చి, ఓ దిమ్మను తిరగేసి చూపించింది. అడుగున ఆవగింజంత తెల్లటి మొగ్గలు, వందలకు వందలు.

"ఇవేంటమ్మా?" అన్నాడు సాస్సీ.

"హరీగా పిల్లలు బాబాయ్. ఈ వయసులో ఈదలేవు, గట్టిదేదో పట్టుకుని ఉండాలి. ఇసుకలో, బురదలో నిలవలేవు. నీళ్లు వెచ్చబడగానే ఒక్కో మొగ్గ బిళ్లలు బిళ్లలుగా విడిపోతుంది. ప్రతి బిళ్లా ఒక హరీగా. వీటిని తినే తాబేళ్లను మనమే మింగేశాం. నీళ్లా, ఏటేటా వేడెక్కుతున్నాయి. ఇక వీటికి ఇల్లొక్కటే తక్కువ. అదీ ఎవరో కట్టిపెట్టారు. ఎవరిదీ తెలివి?"

సాస్సీ వంగి పక్క దిమ్మను కూడా తిరగేశాడు.

ఆ చలికాలమంతా ఆ నడుంతోనే, ఒక్కడే, మూడు వందల దిమ్మలూ పైకి లాగి గాడిద బండి మీద పెరట్లోకి చేర్చాడు. ఫర్హాత్ ఒడ్డున నిలబడి పళ్లికిలించాడు.

"వేసిందీ నువ్వే, పీకేదీ నువ్వేనా? మతి పోయిందా బావా?"

"నీవి కూడా తియ్యరా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"హరీగా దేవుడు పంపితే వస్తుంది గానీ సిమెంటులోంచి పుడుతుందా ఎక్కడైనా!"

వసంతంలో సాస్సీ దడి గదిలో హరీగా సగానికి తగ్గింది. ఒక గంపెడు చేప పడింది. ముసలాడు నీళ్లలోనే నిలబడి ఏడ్చేశాడు. గంప నెత్తిన పెట్టుకుని ఇంటికొస్తే పెరడు బోసిగా ఉంది.

"దిమ్మలేవే?"

"మా తమ్ముడొచ్చి అడిగాడయ్యా," అంది భార్య మన్నానా. "ఊరికే ఎండకు పడున్నాయిగా, పట్టుకుపొమ్మన్నా. ఇంటికొచ్చి అడిగినవాణ్ని ఉత్త చేతులతో పంపుతామా?"

"ఎక్కడ వేశాడు?"

"మన దడి పక్కనే, మలుపు అవతలట. పోటు ముందుగా అక్కడికొచ్చి ఆ తర్వాతే మన దడికి పోతుంది, మంచి చోటన్నాడు. పొద్దున్నే నువ్వటు వెళ్లగానే అందరూ కలిసి దించేశారు. నీ పేరే చెప్పుకున్నారయ్యా, సాస్సీ దిమ్మలంటే సాస్సీ దిమ్మలేనని."

సాస్సీ గంప దించలేదు. చేపల నీళ్లు మెడ మీదుగా కారుతున్నాయి.

"మన దడి పోయిందే మన్నానా," అన్నాడు.